ఎనిమిదేళ్ల అమ్మాయికి లెక్కల ఆటలు: ముగ్గుపిండితో మొదలుపెట్టండి

మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న ధర్మాబాద్ దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: "మా పాపకు ఎనిమిదేళ్లు. జిల్లా పరిషత్ బడిలో మూడో తరగతి, మరాఠీ మాధ్యమం. ఇంట్లో తెలుగే. నిరుటి దాకా లెక్కలు ఇష్టంగా చేసేది. ఈ ఏడు 'లెక్కలు అన్నయ్యకే వస్తాయి' అని పుస్తకం పక్కన పెడుతోంది. అమ్మాయిల కోసం అని రాసి ఉన్న లెక్కల ఆట ఒకటి ఫోనులో వేసిచ్చాను. నాలుగు రోజులు ఆడి వదిలేసింది. ఆడపిల్లలకు నచ్చే లెక్కల ఆటలు ఏమైనా ఉంటే చెప్పండి. అన్నయ్యతో కలిపి ఆడించవచ్చా?"

అమ్మా, నేను బిలోలి, దెగ్లూర్, ధర్మాబాద్ వైపు బడుల్లోనే చిన్న తరగతులకు చెప్పి పదవీ విరమణ చేసిన టీచర్ని. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ అయిన పిల్లల మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

ఆటల కన్నా ముందు మీ పాప అన్న ఆ మాట సంగతి చూడాలి. ఏడెనిమిదేళ్ల ఆడపిల్లల నోట ఆ మాట నేను చాలాసార్లు విన్నాను. లెక్కలు బాగా వచ్చే పిల్లలు కూడా అంటారు. 2017లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో అమెరికా పిల్లలకు ఇదే విషయం మీద ప్రశ్నలు వేశారు. ఐదేళ్ల ఆడపిల్లలు "చాలా చాలా తెలివైనవాళ్లు ఎవరు" అంటే మగపిల్లల్లాగే తమవాళ్లనే చూపించారు. ఆరేళ్లు వచ్చేసరికి ఆ నమ్మకం తగ్గిపోయింది. తరువాత రెండు కొత్త ఆటలు చూపించారు. ఒకటి చాలా తెలివైన పిల్లలు ఆడేదనీ, రెండోది గట్టిగా ప్రయత్నించే పిల్లలు ఆడేదనీ చెప్పారు. మొదటి ఆట మీద ఆడపిల్లలకు ఆసక్తి తక్కువగా కనిపించింది. రెండో ఆట దగ్గర ఆడ, మగ తేడా లేదు. పిల్లలను ఆటకు దూరం చేసింది ఆటకు మనం తగిలించిన మాటే.

కాబట్టి ఏ ఆట ముందు పెట్టినా "ఇది తెలివిగలవాళ్ల ఆట, ఆడితే నీకూ తెలివి వస్తుంది" అనకండి. "రా, ఇది ఎలా వస్తుందో చూద్దాం" అంటే చాలు. ఇంకో మాట కూడా ఇంట్లో వినపడకూడదు: "నాకూ చిన్నప్పుడు లెక్కలు రాలేదులే." ఓదార్పుగా అంటాం కానీ అమ్మ నోట, టీచరమ్మ నోట ఆ మాట విన్న పిల్ల దాన్ని తన జాతకంలా తీసుకుంటుంది. లెక్కలంటే భయపడే టీచరమ్మల దగ్గర ఒక ఏడాది చదివాక, "లెక్కలు మగపిల్లలవి" అని నమ్మిన ఆడపిల్లల మార్కులు తగ్గాయని 2010లో వచ్చిన మరో అమెరికా పరిశోధన చూపించింది. ఆ తరగతుల్లో మగపిల్లలకు ఏ నష్టమూ జరగలేదు.

ఫోను ఆట ఎందుకు వదిలేసిందో నాకు ఆశ్చర్యం లేదు. అలాంటి వాటిలో చాలా ఆటల్లో ఒక కూడిక చేస్తే బొమ్మకు గౌను వస్తుంది, ఇంకోటి చేస్తే చెప్పులు వస్తాయి. పిల్లకు కావలసింది గౌను. కూడిక మధ్యలో అడ్డం. లెక్క చేయడమే ఆటగా ఉందా, ఆటకు వెళ్లే దారిలో లెక్క సుంకంలా ఉందా అని చూసుకుంటే మంచి ఆట ఏదో తెలిసిపోతుంది. రంగు గులాబీ అయినా నీలమైనా నాకు పట్టింపు లేదు. 1992లో అమెరికాలో మాట్లాడే బార్బీ బొమ్మ ఒకటి వచ్చింది. అది పలికే మాటల్లో "లెక్కల క్లాసు కష్టం" అన్నది కూడా ఒకటి. గొడవ జరిగాక కంపెనీ ఆ మాట తీసేసింది. ఆడపిల్లల కోసం అని చేసిన వస్తువులోనే అలాంటి మాట దూరగలదు. ఫోను తప్పదనుకుంటే ఖాన్ అకాడమీ కిడ్స్ ఉచితం, ప్రకటనలు ఉండవు. కాకపోతే అది మీ పాప బడి భాషలో ఉండదు, ఇంటి భాషలోనూ ఉండదు. ఫోను గురించి ఇంతకన్నా చెప్పను, ఎందుకంటే మీ వాకిట్లోనే అంతకన్నా మంచి ఆట ఉంది.

ముగ్గు. మన వైపు తెలుగిళ్లలో ఎనిమిదేళ్ల పిల్లకు చుక్కలు పెట్టడం వచ్చే ఉంటుంది. మరాఠీవాళ్ల ఇళ్లలోనూ చుక్కల రంగోళీ ఉంది కాబట్టి బడిలో స్నేహితురాళ్లూ కలుస్తారు. పాపతో ఏడు చుక్కలు, సందు చుక్క, ఒకటి వచ్చేవరకు పెట్టించండి. మధ్యలో ఏడు, పైకి ఆరు, ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. కిందికీ అంతే. అన్నీ కలిపి ఎన్ని అని అడగండి. మొదట ఒక్కొక్కటీ లెక్కపెడుతుంది. పెట్టనివ్వండి. 49 వస్తుంది. ఆ పక్కనే ఏడు చుక్కలు ఏడు వరుసలు నిలువుగా, సమంగా పెట్టించండి. అదీ 49. రెండూ ఎందుకు సమానం అయ్యాయి? మీరు చెప్పవద్దు. మొదటి ముగ్గును పక్కకు నిలబడి మూల నుంచి చూడమనండి. అది ఏడు వరుసలు, ఏడేసి చుక్కల చదరమే, ఏటవాలుగా తిరిగి ఉంది. ఇది కనిపించిన పిల్లకు 1 నుంచి 7 దాకా ఎక్కి మళ్లీ 1 దాకా దిగితే ఏడేడ్లు నలభై తొమ్మిది ఎందుకు అవుతుందో జీవితమంతా గుర్తుంటుంది. ఎక్కాలు వల్లె వేస్తే ఇది రాదు.

అదే ముగ్గును నాలుగు వచ్చేవరకే ఆపితే? 7, పైన 6, 5, 4, కింద 6, 5, 4. మొత్తం 37. ఇక్కడ పిల్లలు రెండు దార్లలో వెళ్తారు. కొందరు మళ్లీ మొదటి నుంచి కూడతారు. కొందరు 49లో నుంచి పైన మూడు వరుసలు, కింద మూడు వరుసలు పోయాయి కదా, ఆరూ ఆరూ పన్నెండు తీసేస్తే సరి అంటారు. రెండో దారి పట్టిన పిల్లను మెచ్చుకోండి, కానీ మొదటి దారిని తప్పనకండి. తొమ్మిది చుక్కలు ఐదు వచ్చేవరకు పెడితే ఎన్ని పడతాయో చుక్కలు పెట్టకుండా చెప్పగలదేమో చూడండి. జవాబు 61.

చుక్కల చుట్టూ తిరిగే మెలికల ముగ్గు ఇంకా గొప్పది. పలక మీద గానీ నేల మీద గానీ మూడు వరుసలు, వరుసకు నాలుగు చుక్కలు. గీత చుక్కల మధ్య నుంచి ఏటవాలుగా పోవాలి, అంచుకు వెళ్లాక తిరిగి లోపలికి రావాలి, ఏ చుక్కా బయట మిగలకూడదు. చెయ్యి ఎత్తకుండా మొత్తం ఒకే గీతలో పూర్తవుతుంది. ఇప్పుడు నాలుగు వరుసలు, నాలుగేసి చుక్కలు. ఒకే గీతలో రాదు. నాలుగు వేరువేరు మెలికలు వస్తాయి. నాలుగు వరుసలు, ఆరేసి చుక్కలైతే రెండు. రెండు ముగ్గు పిండి రంగులు ఇస్తే ఏ మెలిక ఎక్కడిదో చూడటానికి బాగుంటుంది. ఆరు, తొమ్మిది అయితే మూడు. మెలికల సంఖ్య ఎప్పుడూ ఆ రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకమే. మరాఠీ పుస్తకంలో దీన్నే మసావి అంటారు, పై తరగతుల్లో వస్తుంది. మీ పాపకు ఆ పేరు ఇప్పుడు అక్కర్లేదు. ఒక కాగితం మీద గళ్లు గీసి, ఏ చుక్కలకు ఎన్ని మెలికలు వచ్చాయో నింపుకుంటూ పోతే, కొన్నాళ్లకు ముగ్గు వేయకముందే చెప్పడం మొదలుపెడుతుంది. ఆ పట్టిక మాత్రం తన చేత్తోనే నింపాలి.

అచ్చనగాయలు కూడా తీయించండి. మరాఠీ పిల్లలు సాగర్‌గోటే అనే ఆట ఇదే. గచ్చకాయల్నే వాళ్లు సాగర్‌గోటీ అంటారు. ఐదు గచ్చకాయల్లో ఒకటి ఎగరేసి మిగతా నాలుగూ ఏరాలి కదా. ఒకట్లు, రెండ్లు, మూడ్లు, నాలుగ్గా ఏరతారు. అంటే నాలుగును 1+1+1+1, 2+2, 3+1, 4 అని విడగొడుతున్నారు. ఇక్కడ పాపను ఒక ప్రశ్న అడగండి: నాలుగును విడగొట్టే దారి ఇంకొకటి ఉంది, ఆటలో అది లేదు, ఏమిటి? ఒకసారి రెండు, తరువాత ఒకటి, ఒకటి. అది దొరకగానే ఆటలో కొత్త మెట్టుగా చేర్చమనండి. పిల్లలకు తాము పెట్టిన నియమం ఉన్న ఆట అంటే ప్రాణం. ఆరు గింజలతో ఆడితే ఐదును ఏడు రకాలుగా విడగొట్టవచ్చు, ఏడు గింజలతో ఆరును పదకొండు రకాలుగా. రామానుజన్, హార్డీ కలిసి 1918లో పెద్ద సిద్ధాంతం రాసింది ఈ విడగొట్టడం మీదే. 200ను ఇలా ఎన్ని రకాలుగా విడగొట్టవచ్చో అందులో ఉంది. అది పదమూడు అంకెల సంఖ్య. ఈ సంగతి పాపకు కథలా చెప్పండి. తన చేతిలోని గింజల వెనక అంత పెద్ద లెక్క ఉందని తెలిస్తే కళ్లు పెద్దవి అవుతాయి.

ఇప్పుడు మన సరిహద్దు పిల్లలకే ఉన్న ఒక చిక్కు. మీ పాప నిరుటి దాకా బాగా చేసి ఈ ఏడు తడబడుతోందంటే నాకు మొదట అనుమానం వచ్చింది దీని మీదే. తెలుగులో నలభై ఏడు అంటే ముందు నలభై, తరువాత ఏడు. రాసేదీ అదే వరుసలో: 4, 7. మరాఠీలో 47 సత్తేచాళీస్. ఏడు ముందు వినిపిస్తుంది. టీచర్ సత్తేచాళీస్ అనగానే పిల్ల 74 రాస్తుంది. లెక్క వచ్చి కూడా తప్పు పడుతుంది. 29 ఏకోణతీస్, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. 59 ఏకోణసాఠ్. చిన్న సంఖ్యల దగ్గర బండి నడిచిపోతుంది, రెండంకెల కూడికలు, తీసివేతలు నోటితో వేగంగా అడిగే తరగతికి వచ్చేసరికి వెనకబడుతుంది. మరాఠీ ఇంటి పిల్లలకే ఇది కష్టం. 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి రెండో తరగతి గణిత పుస్తకంలో 21ని ఏక్‌వీస్‌ అనడంతో పాటు వీస్ ఏక్ (ఇరవై, ఒకటి) అనే పద్ధతిని చేర్చినప్పుడు ఎంత వాదన జరిగిందో మీకు గుర్తుండవచ్చు. ఆ గణిత కమిటీకి అధ్యక్షురాలు మంగళా నార్లీకర్, స్వయంగా గణితజ్ఞురాలు. పిల్లలు తడబడుతున్నారనే ఆ పద్ధతి తెచ్చామని ఆమె చెప్పారు. ఆ వీస్ ఏక్ పద్ధతి మన పిల్లలకు ఇంటి భాషలోనే ఉంది. ఇరవై ఒకటి. ఇంట్లో తెలుగు మాట్లాడటం లెక్కలకు అడ్డం అని ఎవరైనా అంటే నమ్మకండి.

దీనికి నాకు తెలిసిన మంచి ఆట తంబోలా. టిక్కెట్లు కొనక్కర్లేదు, పాపే గీయవచ్చు. మూడు వరుసలు, తొమ్మిది నిలువు గళ్లు, పదిహేను సంఖ్యలు. మొదటి నిలువు గడిలో 1 నుంచి 9, తరువాతి దాంట్లో పదులు, ఆ తరువాత ఇరవైలు, ఇలా చివర 80 నుంచి 90. టిక్కెట్టు గీయడంలోనే పదుల స్థానం అర్థమైపోతుంది. పిలిచే పని పాపకే ఇవ్వండి. చీటీ తీసి మరాఠీలో పిలవాలి, ఆడేవాళ్లు తెలుగులో తిరిగి చెప్పాకే గడి కొట్టాలి. పక్కింటి మరాఠీ పిల్లలుంటే మరీ మంచిది, వాళ్లకు తెలుగు సంఖ్యలు పాపే నేర్పుతుంది. తరగతిలో వెనకబడిన పిల్ల ఇక్కడ పంతులమ్మ అవుతుంది. వారంలో రెండు సాయంత్రాలు ఆడినా ఆ 47, 74 తికమక చాలావరకు పోతుంది.

వైకుంఠపాళి ఉంటే ఒక చిన్న మార్పు చేయండి. పిల్లలు 25 గడిలో ఉండి నాలుగు పడితే "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అంటూ జరుపుతారు. అలా కాకుండా "26, 27, 28, 29" అంటూ జరపాలి. ఇంత చిన్న తేడాతో పిల్లలకు సంఖ్యల వరుస మీద పట్టు పెరుగుతుందని పరిశోధనల్లోనూ తేలింది. అష్టాచెమ్మా ఆడితే గవ్వలు వేసిన ప్రతిసారీ ఎంత పడిందో గీతలు పెట్టమనండి. ఒక వంద సార్లకు రెండు ఎన్నిసార్లు, చెమ్మా (నాలుగు) ఎన్నిసార్లు, అష్టా (ఎనిమిది) ఎన్నిసార్లు? రెండు బాగా ఎక్కువ వస్తుంది. నాలుగు గవ్వలకూ గోళ్ల రంగుతో వేరువేరు గుర్తులు పెట్టి, ఏ రెండు వెల్లకిలా పడవచ్చో వరుసగా పేర్చమంటే ఆరు దార్లు దొరుకుతాయి. నాలుగూ వెల్లకిలా పడటానికి ఒకటే దారి. నిజం గవ్వలు రెండు వైపులా సమానంగా పడవు, అందుకే మీ లెక్కకు, గీతలకు కొంత తేడా వస్తుంది. ఎందుకని పాప అడిగితే ఆ ప్రశ్నకే ఒక సాయంత్రం ఇవ్వండి.

వామన గుంటలు, మన వైపు ఓనగుంటలు, ఇవి చెప్పకుండా వదలలేను. పద్నాలుగు గుంటలు, గుంటకు ఐదేసి చింతగింజలు. చేతిలో గింజలు తీసుకునే ముందే చివరి గింజ ఎక్కడ పడుతుందో చెప్పి ఆడాలని నియమం పెట్టండి. అంతే.

ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యమైనది చెప్పాలి. ఆడితే లెక్కలు వాటంతట అవే వస్తాయని చాలామంది అంటారు. అలా రావు. ఢిల్లీలో పూర్వ ప్రాథమిక పిల్లలతో చేసిన ఒక పెద్ద ప్రయోగం 2017లో వెలువడింది. నోబెల్ బహుమతి అందుకున్న ఎస్తర్ దుఫ్లో అందులో ఉన్నారు. సంఖ్యలు, ఆకారాల ఆటలు ఆడిన పిల్లలకు సంఖ్యల అంచనా పెరిగింది, ఏడాది దాటినా ఆ మేలు నిలిచింది. కానీ బడి లెక్కల్లో నిలిచే లాభం కనిపించలేదు. 2025లో నేచర్ పత్రికలో వచ్చిన ఇంకో పరిశోధనలో కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో కూరగాయలు అమ్మే పిల్లలు ఎంతో కష్టమైన లెక్కలు నోటితో చేసి, అలాంటివే కాగితం మీద ఇస్తే చేయలేకపోయారు. ధర్మాబాద్ మిర్చి బజారులో కూడా ఇది కళ్లకు కనిపిస్తుంది. తూకం, ధర, చిల్లర చిటికెలో చెప్పే పిల్ల బడి పలక ముందు మౌనంగా కూర్చుంటుంది.

అందుకని ప్రతి ఆటలో ఒక్క సంగతి పలక మీదికి రావాలి. అచ్చనగాయలు అయ్యాక 3+1=4 అని రాయాలి. ముగ్గు అయ్యాక 7×7=49 అని ముగ్గు పక్కనే పిండితో రాయాలి. పది లెక్కలు వద్దు, ఒక్కటే. ఆట చెడకూడదు, అంకె మాత్రం కనపడాలి. కిరాణా కొట్టు ఆట ఆడుతుంటే బిల్లు రాయించండి: పావు కిలో, అర కిలో, ముప్పావు, ఆపైన మరాఠీలో సవ్వా (ఒకటింపావు), దీడ్ (ఒకటిన్నర), అడీచ్ (రెండున్నర). భిన్నాలు పుస్తకంలో వచ్చేసరికి ఇవన్నీ పాత చుట్టాల్లా ఉంటాయి.

స్నేహితురాళ్లతో కూర్చుని చేసే పని ఇష్టమైతే బొట్టుబిళ్లల చీట్లు తయారు చేయించండి. సెట్ అనే చీట్ల ఆట ఉంది. మార్షా ఫాల్కో అనే జన్యు శాస్త్రవేత్త 1974లో కనిపెట్టారు. అసలు ఆటలో 81 చీట్లు. మీ పాపకు 27 చాలు. మూడు రంగుల బొట్టుబిళ్లలు, మూడు ఆకారాలు (గుండ్రం, నిలువు, నీటిబొట్టు ఆకారం), చీటీకి ఒకటి గానీ రెండు గానీ మూడు గానీ. అన్ని కలయికలూ ఒక్కొక్కటి చేస్తే సరిగ్గా 27 వస్తాయి. ఏదో ఒకటి తప్పిపోతుంది, అదేదో వెతకడం ఆటకన్నా ముందు వచ్చే ఆట. తరువాత తొమ్మిది చీట్లు పరచి మూడు ఏరాలి. ఆ మూడింటిలో రంగు అన్నీ ఒకటే అయినా ఉండాలి, అన్నీ వేరైనా ఉండాలి. ఆకారమూ అంతే, సంఖ్యా అంతే. పది చీట్లు పరిస్తే అలాంటి మూడు చీట్ల జట్టు కనీసం ఒక్కటైనా ఉండి తీరుతుంది, తొమ్మిదిలో ఉండకపోవచ్చు. వేగం పోటీ పెట్టకండి. ముందు దొరికినవాళ్లు అరవకుండా, మిగతావాళ్లకు ఆనవాలు చెప్పే పద్ధతిలో ఆడితే మెల్లగా ఆలోచించే పిల్లలు కూడా ఆటలో ఉంటారు. వేగంగా చెప్పడానికీ లెక్కలు రావడానికీ సంబంధం లేదని నేను గట్టిగా నమ్ముతాను. తరగతిలో ముందు చెయ్యెత్తే పిల్లవాడి వల్ల ఎంతమంది ఆడపిల్లలు చెయ్యి దించేశారో నేను చూశాను.

అన్నయ్య సంగతి. ఆడించవచ్చు, కానీ తంబోలాలో, ముగ్గుల్లో కాదు. అక్కడ జవాబు ముందే అరిచేస్తాడు. అతనితో పులిజూదం ఆడించండి. మూడు పులులు, పదిహేను మేకలు. పులులు అన్నయ్యవి. మొదట్లో మేకలు పోతూనే ఉంటాయి, పాప విసుక్కుంటుంది. ఒక్క మేకను కూడా ఒంటరిగా వదలకుండా, వెనక గడి ఖాళీ లేకుండా నడపాలని పట్టుకున్న రోజున పులులు కదలలేక ఆగిపోతాయి. ఆ కిటుకు మీరు చెప్పకండి, అన్నయ్యనూ చెప్పనివ్వకండి. ఆ తరువాతి ఆటలో పక్షాలు మార్చండి: పులులు పాపకు, మేకలు అన్నయ్యకు.